విత్తినది మొలవక మానునా?



“ఆదివారము ఒప్పుకొందుము, దేవుడు క్షమించును, ఇక భయమేల?” అను మాట నారాయణఖేడ్ ప్రాంతపు సంఘములలో పలుమార్లు వినుచున్నాను. ఈ మాట సగము నిజము. సగము నిజమే నిండు అబద్ధముకంటె ఎక్కువమందిని చెరుపును. కావున నేడు దానిని ఖండింపబూనితిని.

దావీదును చూడుడి. బత్షెబ విషయమై అతడు పాపము ఒప్పుకొనగానే నాతాను క్షమాపణ ప్రకటించెను. అయినను బిడ్డ చనిపోయెను. అమ్నోను, అబ్షాలోము చంపబడిరి (2 సమూయేలు 12-18). క్షమాపణ మనలను తండ్రియొద్దకు తిరిగి చేర్చును గాని, నాటిన విత్తనమును నేలనుండి పెరికివేయదు. జొన్న చల్లి శనగలు కోసినవాడు మన యూరిలో ఎవడైన ఉన్నాడా?

ఇప్పుడు కల్లు దుకాణము సంగతి. తాటిచెట్టును, ఈతచెట్టును దూషింపను. వాటిని దేవుడే మొలిపించెను. నేను చెప్పునది మందు కల్లును గూర్చి. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపి దానిని కల్లని అమ్ముదురు. 2015 సెప్టెంబరులో అధికారులు దీనిని అరికట్టగా, మహబూబ్‌నగర్, నిజామాబాదు జిల్లాలలో దానికి అలవాటుపడినవారు వణకుచు, పిచ్చిమాటలాడుచు ఆసుపత్రులపాలైరి. సామెతలు 23వ అధ్యాయము చివరి వచనములు తెరచి చదువుడి. త్రాగుబోతు కన్నులకు వింతలు కనబడుటయు, దెబ్బ తెలియకుండుటయు, మేల్కొని మరల దానినే వెదకుటయు అక్కడ ఉన్నవి. వేలయేండ్ల క్రిందటి జ్ఞాని మన ఆసుపత్రి వరండాను చూచి వ్రాసినట్లున్నది.

“కానాలో ప్రభువు ద్రాక్షారసము చేయలేదా?” అందురు. చేసెను; పెండ్లియింటివారు సిగ్గుపడకుండ కాపాడెను. మీరు త్రాగునది మీ యింటికి సిగ్గు తెచ్చుచున్నది. “ఒళ్లునొప్పులకు త్రాగుదుము” అందురు. చెరకు నరకబోవుటకు పుచ్చుకొన్న అడ్వాన్సు ఊరు దాటకమునుపే దుకాణములో కరిగిపోయెను. ఆ అప్పు తీర్చుటకు మీ భార్య చంటిబిడ్డను గట్టున పండుకొనబెట్టి చెరకు నరుకుచున్నది. ఆమె నొప్పులు ఎవరు తీర్తురు? విత్తినది మీరు, కోయునది ఆమె. పాపములోని ఘోరమైన అన్యాయము ఇదే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలు సారా దుకాణము మూయించిరి. ఆ ఉద్యమము వ్యాపించగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. ప్రభుత్వపు చట్టము సడలును. విత్తనపు చట్టము సడలదు. అప్పుడే అక్షరములు దిద్దినవారు అంత చేయగా, తరతరములుగా బైబిలు చదువుచున్న మనము మూయించిన దుకాణములెన్ని?

నేనును నిర్దోషిని కాను. ఒక పెండ్లిలో ఆశీర్వాదము పలికి, పందిరి వెనుక కల్లుకుండలు దించుట చూచియు, ముఖము త్రిప్పుకొని వచ్చితిని. కాపరి మౌనము కూడ ఒక విత్తనమే. ఇకమీదట మౌనముగా ఉండను.

పెద్దలారా, కల్లులేని పెండ్లిని మీ యింటనే మొదలుపెట్టుడి. అన్నలారా, అడ్వాన్సు సొమ్ము ఇంటి ఇల్లాలి చేతికియ్యుడి. అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును. వానిని వెక్కిరింపక ఆసుపత్రికి తోడుకొనిపోయి, వానికొరకు ప్రార్థించుడి. రేకాబీయుల తండ్రి ఒక్క మాట విత్తగా, ఆ సంతతి తరములు గడిచినను ద్రాక్షారసము ముట్టలేదు (యిర్మీయా 35). చెడు విత్తనమే కాదు, మంచి విత్తనమును మొలవక మానదు. నేడే విత్తుదము. ఆమేన్.