‘నేనే... నేనే’ అంటుంటే!

సాయంత్రంపూట మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం బల్లల దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, ఎక్కడో ఒకచోట ఈ మాట వినబడుతుంది... ‘నేనే!’ అమ్మ చెంచాతో నోటికందిస్తే రెండేళ్ల బుజ్జిగాడు మొహం తిప్పేసుకుంటాడు. చెంచా వాడి చేతిలో ఉండాలి, కప్పు వాడి ముందుండాలి. ఇచ్చారా... సగం సీతాఫలం ఐస్‌క్రీం చొక్కా మీదే. ఇవ్వలేదా... 1935 నాటి ఆ రాతికట్టడం మారుమోగేలా ఏడుపు!

‘మొండిఘటం’ అంటారు తాతయ్య. ‘గారాబం ఎక్కువైంది’ అని పక్కబల్ల వాళ్ల గుసగుస. నిజానికి రెండూ కావు. ఏడాదిన్నర నుంచి మూడేళ్లలోపు పిల్లలకు తాము అమ్మ నుంచి వేరైన మనుషులమన్న సంగతి తెలిసొస్తుంటుంది. దాన్ని పరీక్షించుకోవడానికి వాళ్ల దగ్గరున్న మాటలు రెండే... ‘నేనే’, ‘వద్దు’. ఈ వయసులో సొంతంగా చేసుకునే వీల్లేకుండా ప్రతిదానికీ అడ్డుపడితే పిల్లల్లో సిగ్గు, తమ మీద తమకే అనుమానం పాతుకుపోతాయని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో అచ్చయిన ‘చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ’లో వివరించారు.

మన ఇళ్లలో దీనికో చిక్కుంది. గోరుముద్దలు! నాలుగేళ్లొచ్చినా అమ్మమ్మ గిన్నె పట్టుకుని వెంట తిరుగుతూనే ఉంటుంది. ఆ ముద్దలు మానక్కర్లేదు. వాడి కంచంలో కాస్త పెరుగన్నం పెట్టి వాడి మానాన వదిలేయండి. మధ్యమధ్యలో అమ్మమ్మ ముద్ద ఎలాగూ ఉంటుంది. కింద పాత చీర పరిస్తే తుడిచే బాధా తప్పుతుంది.

బజారుకెళ్తే ‘ఏం కావాలి?’ అని మాత్రం అడక్కండి. ‘సీతాఫలమా, మామిడా?’ అనండి. ఏది చెప్పినా మీకు సమ్మతమే అయ్యుండాలి. తీరా కప్పు చేతికొచ్చాక వాడే రెండోది కావాలంటాడు, అది వేరే కథ!

అలాగని అన్నిటికీ సరేననడానికి లేదు. నాంపల్లి, ఆబిడ్స్, బేగంబజార్ల నుంచి వచ్చే వాహనాలన్నీ కలిసే కూడలి అది. అక్కడ ‘నేనే నడుస్తా’ కుదరదు. ‘చెయ్యి పట్టుకుంటావా, ఎత్తుకోనా?’ అంతే, మూడోది లేదు. ఏడిస్తే ఏడవనీ, ఎత్తుకుని దాటేయండి. తిండిలోనూ అంతే. పల్లీలు, జీడిపప్పు పలుకులు, గుండ్రటి ద్రాక్ష నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చు. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసిచ్చి, తినడం వాడికి వదిలేయండి.

మెట్ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఈ వయసు పిల్లలు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, చుట్టూ చూసి, మళ్లీ ఎక్కుతారు. వెనకే నిలబడితే చాలు. కాస్త ముందుగా బయల్దేరితే ఆ సమయమూ దొరుకుతుంది. సంచిలో ఇంకో జత బట్టలు పడేసుకోండి. బొత్తాల్లేని వదులు చొక్కా అయితే మేలు... విప్పే పని వాడే చూసుకుంటాడు.