వరించిన పేదరికము, పైబడిన పేదరికము

నిరాడంబర జీవనమును మెచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. రాజాశ్రయమును కాదని పొలము దున్నుకొని బ్రదికెనని పోతనను గూర్చి తరతరములుగా చెప్పుకొని పులకించుచున్నాము. నేడును పెద్ద యుద్యోగములు విడిచి, రెండు జతల బట్టలతో పల్లెలో స్థిరపడువారిని పత్రికలు కొనియాడుచున్నవి. ఆ ప్రశంస తగినదే. కాని రైల్వే స్టేషను వెలుపల గోనెపట్టాపై నిద్రించువానికిని ఉన్నవి రెండు జతల బట్టలే. అతనిని ఎవరును కొనియాడరు. వస్తువుల లెక్క ఒక్కటే అయినపుడు ఈ భేద మెక్కడనుండి వచ్చినది?

అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1845 జూలై 4వ తేదీన వాల్డెన్ కొలని యొడ్డున తాను కట్టుకొన్న కుటీరమున ప్రవేశించెను. దానికి 28 డాలర్ల 12½ సెంట్లు వ్యయమైనదని తానే లెక్క వ్రాసెను. రెండేండ్లకు పైగా అచట నివసించి, తిరిగి కాంకర్డు చేరెను. ఆ యనుభవమును తెలుపు గ్రంథము 1854లో వెలువడి లోకప్రసిద్ధమైనది. అయితే ఆ నేల మిత్రుడైన ఎమర్సనుది. తన వారి యిల్లు నడిచి పోగల దూరమున నుండెను. తలుపు వేసికొని నిద్రించుటకు కప్పు గల గది యుండెను. లెమ్మని తరుమువా డెవడును లేడు. ఇది థోరోపై నింద కాదు. అతని ప్రయోగమునకు ఆధారమైన వేవో గుర్తించుటయే.

ఇక రెండవ పక్షమును చూతము. 2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి జనగణనవారు ఇల్లు లేనివారిని లెక్కించిరి. దేశమున 17.7 లక్షల మంది తేలిరి, వారిలో 9.4 లక్షల మంది పట్టణములలోనివారు. ఇల్లున్నవాడు కోరికలు తగ్గించుకొన్నచో ఖర్చు తగ్గును. ఇల్లు లేనివానికో, లేమియే ఖర్చును పెంచును. పొయ్యి పెట్టుకొను చోటు లేదు గనుక పూటపూటకు కొని తినవలెను. దాచుకొను చోటు లేదు గనుక ఏ సరకైనను చిల్లరగానే కొనవలెను. స్నానమునకును రుసుము చెల్లింపవలెను. మూటను కాచుకొనుచు రాత్రి మేలుకొన్నచో, మరునాటి కూలిపనికి ఒడలు సహకరింపదు. చిరునామా లేనివానికి గుర్తింపు పత్రములు దొరకుట కష్టము. అవి లేనిదే రేషను బియ్యము అందుటయు కష్టమే.

చట్టము వీరి నెట్లు చూచినది? 1985లో ఓల్గా టెలిస్ వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు జీవించు హక్కులో భాగమేయని ప్రకటించెను. అయినను కాలిబాట నాక్రమించు హక్కు ఎవరికిని లేదనియు, వానకాలము ముగిసిన పిదప వారిని తొలగింపవచ్చుననియు తీర్పు చెప్పెను. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషను, లక్ష జనాభాకు కనీసము నూరుమందికి చాలు ఆశ్రయము లుండవలెనని నిర్దేశించెను. థోరో పుట్టిన దేశముననే, గ్రాంట్స్ పాస్ పట్టణమున, బహిరంగస్థలమున దుప్పటి పరచుకొని నిద్రించువారికి జరిమానా విధించు నిబంధన యుండెను. అట్టి శిక్ష రాజ్యాంగము నిషేధించిన క్రూరశిక్ష కాదని 2024 జూన్‌లో అచటి సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురుగా చీలి తీర్పు చెప్పెను. ఒకనికి వ్రతమైన కొద్దిపాటి సామగ్రి వేరొకనికి నేరమైనది!

కావున భేదము తిరిగి పోవు దారిలో నున్నది. వరించినవానికి అది తెరచి యున్నది. పేదరికము పైబడినవానికి మూసికొని పోయినది. నిరాడంబరత తనకు తాను విధించుకొను నియమమే కాని, ఇతరుల లేమికి సమాధానము కాదు. “వారికి అది అలవాటే” యను మాట బాధ్యతను దాటవేయు నెపము మాత్రమే.

ఉపాధ్యాయులు పోతనను, థోరోను పాఠము చెప్పునపుడు ఈ భేదమును గూడ చెప్పుదురుగాక. వలస కూలీల బిడ్డ ఒకడు, నిన్నటి రాత్రి ఎచట నిద్రించెనో ఎవరికిని చెప్పలేక, వెనుక వరుసలో కూర్చుండి యా పాఠము వినుచుండవచ్చును. అతనికి అల్పసంతోషమును బోధించుటకు ముందు, ఒక కప్పును, ఒక చిరునామాను సమకూర్చుట మన విధి కాదా?