పేరు సూర్యచక్ర, ఇంధనము డీజిలు

దక్షిణ అండమానులోని బాంబూఫ్లాట్ వద్ద 2003వ సంవత్సరమున హైదరాబాదు సంస్థ యొకటి 20 మెగావాట్ల విద్యుత్కేంద్రమును నడపనారంభించెను. సంస్థ పేరు సూర్యచక్ర. కేంద్రమున కాల్చినది డీజిలు. ఈ విడ్డూరమునకు నవ్వుకొనవచ్చును గాని, అందులకై సంస్థను నిందించుట తగదు. పాలనాయంత్రాంగము ఆనాడు కోరినదియు, కొనుటకు ఒడంబడిక చేసికొన్నదియు డీజిలు విద్యుత్తునే.

పునరుత్పాదక శక్తిని ప్రభుత్వము ప్రోత్సహింపవలెనని మనము తరచు వ్రాయుచుందుము. ఆట ఒకరిది, చప్పట్లు ప్రభుత్వమువి అను భావము ఆ మాటలో ఇమిడియున్నది. అండమాను నికోబారులలో అది చెల్లదు. విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున, దేశపు గ్రిడ్డుతో తీగ సంబంధమేదియు లేక, ఏ దీవికాదీవి తన పవర్ హౌసును నమ్ముకొని బ్రతుకుచున్న ఈ ప్రాంతమున డీజిలు కొనునది ప్రభుత్వము, ఓడలపై తెప్పించునది ప్రభుత్వము, విద్యుత్తును అమ్మునది ప్రభుత్వము; యూనిట్టుకగు వ్యయములో చిన్న పాలు మాత్రమే వినియోగదారుని బిల్లునకెక్కగా, తక్కిన నష్టమును భరించునదియు ప్రభుత్వమే. కావున సౌరశక్తికి ఎంత సాయము చేయుచున్నారని అడుగుటకు ముందు, డీజిలునకు చేయుచున్న సాయమును ఏ పద్దున వ్రాసికొనుచున్నారని అడుగవలసియున్నది.

కొంత పని జరిగినమాట నిజము. డిగ్లీపూరు సమీపమున కల్పాంగ్ నదిపై 5.25 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము 2001లో వెలసినది. నేడు శ్రీవిజయపురమనబడు పోర్టు బ్లెయిరు పొలిమేరన, గరాచర్మలో ఎన్టీపీసీవారి 5 మెగావాట్ల సౌరకేంద్రము కలదు. 2020లో ఎన్ఎల్‌సీవారు 20 మెగావాట్ల సౌరవిద్యుత్తును, దానికి తోడుగా 8 మెగావాట్-గంటల బ్యాటరీని సమకూర్చిరి. ఈ కడపటి లెక్కయొద్ద పాఠకుడు ఒక్క క్షణము నిలువవలెను: ఆ 20 మెగావాట్ల పూర్తి సామర్థ్యమునకు సరిపడ వాడినచో ఆ బ్యాటరీ నిలుచునది 24 నిమిషములు. ఒక మబ్బు దాటిపోవువరకు వోల్టేజి తడబడకుండ పట్టియుంచుటకు అది చాలును. దీపములు పెట్టు వేళకు చాలదు. మే నెల మొదలు డిసెంబరు దాక, నైరృతి సెలవు తీసికొనకమునుపే ఈశాన్యము వాకిట నిలుచు ఈ దీవులలో, ఫలకములు పరచుట సులువైన భాగము. కష్టమంతయు నిలువలోనే యున్నది.

స్పెయిన్ దేశపు ఎల్ హియెర్రో దీవిలో 2014 నుండి గాలిమరల మిగులు విద్యుత్తుతో నీటిని కొండమీది జలాశయమునకు తోడి, అవసరమైనపుడు దిగువకు విడిచి విద్యుత్తు తీయుచున్నారు. రాయలసీమలో పిన్నాపురము వద్ద అదే సూత్రముపై మనవారు మహాప్రయత్నమునకే పూనుకొనిరి. అండమానులో కొండలు కలవు, వాన కలదు. కాని భూమిలో నూటికి ఎనుబది పాళ్లకు మించి అడవి. వెలుతురు కొరకు ఆ అడవిని నరుకుట నాకు సమ్మతము కాదు. గ్రేట్ నికోబారు బృహత్ప్రణాళికలో గ్యాసుతోను, ఎండతోను నడచు 450 ఎంవీఏ కేంద్రమొకటి చేరియున్నది. ఆ గ్యాసు సైతము ఓడపై రావలసినదే యగుటచేత, పాత పరాధీనతకు అది క్రొత్త చొక్కా మాత్రమే.

నేల కరవైనచోట ఇంటికప్పులున్నవి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకము 3 కిలోవాట్ల అమరికకు దేశమున సాధారణముగా 78,000 రూపాయల సహాయమిచ్చుచున్నది. కాని బిల్లే స్వల్పమైనపుడు, ఉప్పుగాలికి తుప్పుపట్టు రేకుల కప్పుపై ఫలకములెత్తి గృహస్థు మిగుల్చుకొనునదెంత? అతని ఫలకము ఆదా చేయు డీజిలు విలువ మాత్రము ఆ బిల్లునకు అనేక రెట్లు. ఆ లాభమంతయు ఖజానాకే చేరును. దీనజనుల దీపపు ధర పెంచుమని నేననుట లేదు. గోవా, కేంద్రపాలిత ప్రాంతముల సంయుక్త విద్యుత్ నియంత్రణ సంఘము ఇంటికప్పు యూనిట్టుకు వెల కట్టునపుడు బిల్లు ధరను గాక, మిగిలిన డీజిలు ధరలో సగమునైనను ప్రమాణముగా గైకొనినచో, సబ్సిడీ చెక్కుకన్న అది బలమైన ప్రేరణ కాగలదు.

నిలువకు బ్యాటరీయే కావలెనను నియమము లేదు. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులవాసులలో 100కి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వచ్చిన మత్స్యకారులు వారిలో అనేకులు. జంగ్లీఘాట్ రేవున వారికి వల తరువాత ముఖ్యమైనది ఐసు. ఐసు ఫ్యాక్టరీ యంత్రము రాత్రియే తిరుగవలెనను నిర్బంధమేమియు లేదు. మిట్టమధ్యాహ్నపు మిగులు విద్యుత్తును పగటిపూట తక్కువ ధరకు ఇచ్చినచో, దిమ్మలు ఎండవేళనే గట్టిపడి, సాయంకాలమునకు పడవలెక్కుటకు సిద్ధముగా నుండును. ఇందులకు అడవి నరుకనక్కరలేదు, ఓడ రానక్కరలేదు. ధరల పట్టికలో రెండు పంక్తులు మార్చిన చాలును.