ముందు కారణం తొలగించండి, తరువాత తైలం రాయండి

మెడ పట్టేసిందనీ, కళ్లు మండుతున్నాయనీ, చేతులు తిమ్మిరెక్కుతున్నాయనీ నా వద్దకు వచ్చేవారిలో ఒకప్పుడు ఏభై యేళ్లు దాటినవారే ఎక్కువ. ఇప్పుడు పాతికేళ్ల యువకులు, పదో తరగతి పిల్లలు కూడ వస్తున్నారు. 2020లో కరోనా కారణంగా ఆఫీసులు, పాఠశాలలు ఇళ్లలోకి వచ్చిన నాటి నుండి లాప్‌టాప్ మంచం మీదికీ, ఒడిలోకీ చేరింది. వచ్చినవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ తైలం రాయమంటారు?" ముందు బల్ల, కుర్చీ సమకూర్చుకోండి అంటే చాలామందికి రుచించదు.

నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడమే చికిత్సలో మొదటి మెట్టని సుశ్రుతాచార్యుల ఉపదేశం. కారణాన్ని అలాగే ఉంచి మహానారాయణ తైలం ఎంత మర్దించినా చిల్లికుండలో నీరు పోసినట్లే.

లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. కీబోర్డు చేతికి అందేటట్లు పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. తెరను పైకి లేపితే చేతులు ఆనిక లేక నొప్పి పెడతాయి. దాదాపు 5 కిలోల బరువుండే తల ముందుకు వంగినకొద్దీ మెడ కండరాలపై భారం పెరుగుతుంది. రోజూ గంటల తరబడి ఇదే భంగిమ సాగితే మెడ బిగుసుకుపోతుంది. మన శాస్త్రం దీనిని మన్యాస్తంభమన్నది.

మా గురుకులంలో గ్రంథాన్ని ఒడిలో పెట్టుకొని చదవనిచ్చేవారు కారు. వ్యాసపీఠం మీద ఉంచి, వెన్ను నిలిపి చదవవలసిందే. లాప్‌టాప్‌కు కూడ అటువంటి పీఠం కావాలి. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి, తెర పైఅంచు కంటి ఎత్తుకు వచ్చేటట్లు ఉంచండి. విడిగా ఒక కీబోర్డు, మౌస్ కొని బల్ల మీద పెట్టుకోండి.

రెండవది వేడి. 29 మంది యువకులు గంటసేపు లాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకొనగా వృషణకోశపు ఉష్ణోగ్రత 2.6 నుండి 2.8 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినట్లు 2005లో 'హ్యూమన్ రీప్రొడక్షన్' వైద్యపత్రిక ప్రచురించింది. తొడలు దగ్గరగా చేర్చి కూర్చోవడం కూడ అందుకు కొంత కారణమే. సంతానం కోరే పురుషులు ఈ అలవాటు మానుకోవడం మంచిది. నెలల తరబడి వేడి తగిలితే తొడల చర్మంపై వలవంటి నల్లని మచ్చలు కూడ ఏర్పడవచ్చు.

పరుపు, బొంత, దిండు మీద లాప్‌టాప్ పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. పడక మీద చార్జింగు పెట్టి నిద్రపోవడం ప్రమాదకరం. లోపలి లిథియం బ్యాటరీ అతిగా వేడెక్కితే మంట అంటుకొనవచ్చు. అడుగుభాగం ఉబ్బినట్లు కనిపిస్తే వాడకం ఆపి, నొక్కకుండా, పొడవకుండా మరమ్మతు చేసేవారికి అప్పగించండి. తడి చేతులతో ప్లగ్గు ముట్టవద్దు. మూడు పిన్నుల ప్లగ్గును ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లోనే పెట్టండి.

మూడవది కన్ను. తెరను తదేకంగా చూసేవారు రెప్ప వేయడం బాగా తగ్గిస్తారు. కన్ను ఎండి మండుతుంది. మన గ్రంథాలలోని శుష్కాక్షిపాకం ఈ లక్షణాలకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ గృహవైద్యం చేసుకొనేవారికి ఒక హెచ్చరిక: తేనె, నిమ్మరసం, ఇంట్లో కాచిన త్రిఫల కషాయం కంటిలో వేయకండి. శుద్ధి చేయని ద్రవం వల్ల కంటికి వ్యాధి సోకవచ్చు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూసి, పలుమార్లు రెప్పలు వేయండి. ఖర్చు లేని ఔషధమిది.

చరక సంహిత ఆపకూడని వేగాలు 13 అని చెప్పింది. మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర వాటిలోనివే. "ఈ ఒక్క పని అయ్యాక లేస్తాను" అంటూ లాప్‌టాప్ ముందు కూర్చున్నవారు వీటన్నిటినీ బిగబట్టుకుంటున్నారు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి.

కారణం తొలగిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దన, కాపడం తప్పక మేలు చేస్తాయి. అయితే చేయి పట్టు తప్పినా, తిమ్మిరి మెడ నుండి వేళ్లదాకా పాకినా, చూపు అకస్మాత్తుగా మందగించినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడండి.

పిల్లలకు వేలు పోసి లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులు అదేరోజు తగిన బల్ల, కుర్చీ కూడ ఏర్పాటు చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. వాటికయ్యే ఖర్చు చికిత్సకయ్యే ఖర్చుకంటె తక్కువే.