టైపు చేస్తుంటే విండో మారిపోతే!

భోజనం చేస్తుండగా ఎవరో వచ్చి మీ ముందున్న కంచం తీసేసి, వేరే కంచం పెట్టారనుకోండి. ఎలా ఉంటుంది? కంప్యూటర్లో మనకిది అలవాటైపోయింది. కీబోర్డు చూసుకుంటూ టైపు చేసి తలెత్తేసరికి, కొట్టిందంతా వేరే విండోలో పడి ఉంటుంది. ఓసారి నేను బ్యాంకు పాస్‌వర్డు కొడుతుంటే ఉన్నట్టుండి చాట్ విండో ముందుకొచ్చింది. సగం పాస్‌వర్డు అందులో పడింది, వెనకే ఎంటరూ కొట్టేశా! అవతలి మిత్రుడు 'ఇదేంటండీ?' అన్నాడు. ఆ రాత్రే పాస్‌వర్డు మార్చుకున్నా.

తెరమీద ఎన్ని విండోలున్నా కీబోర్డు మాట వినేది ఒక్కటే. దాని దగ్గర 'ఫోకస్' ఉందంటారు. మనం ఒక ప్రోగ్రాంలో పనిచేస్తుంటే మరొకటి తోసుకురాకుండా విండోస్ 98, విండోస్ 2000 కాలం నుంచే మైక్రోసాఫ్ట్ కొంత అడ్డుకట్ట వేసింది. కింద టాస్క్‌బార్‌లో బటన్ మెరుస్తూ కనిపించేది అందుకే. ముందుకు రానివ్వకపోతే పాపం, అక్కడినుంచే చెయ్యూపుతుందన్నమాట.

ఈ కాపలా విండోకూ విండోకూ మధ్యనే. ఒకే విండోలో ఉన్న గదుల మధ్య పనిచేయదు. ఈ సంగతి మా అమ్మాయి పుణ్యమా అని తెలిసింది. తను ఇంజినీరింగ్ చివరి ఏడాది. ప్రోగ్రాములు రాసేందుకు వాడే విజువల్ స్టూడియో కోడ్ (2015లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది) కోసం ఓ చిన్న ఎక్స్‌టెన్షన్ రాసింది. ఫైలు సేవ్ చేయగానే అది పరీక్షలు నడిపి, ఫలితాన్ని కింద టెర్మినల్లో చూపిస్తుంది. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయింది.

వారం తిరక్కుండానే క్లాస్‌మేట్ నుంచి ఫోన్. 'నీ ఎక్స్‌టెన్షన్ తీసేశా. దాంతో నావల్ల కాదు' అన్నాడు. ఆ అబ్బాయికి చూపు లేదు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాడు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ తే తోడయ్యాడు. ఇద్దరూ చూపు లేనివాళ్లే. దాన్ని ఉచితంగానే అందిస్తున్నారు. అది ఫోకస్ ఎక్కడుంటే అక్కడిది చదువుతుంది. మావాడు సేవ్ చేయగానే ఫోకస్ టెర్మినల్‌కి దూకేది. రాస్తున్న కోడ్ చదవడం ఆపి, పరీక్షల ఫలితాలు ఏకరువు పెట్టేది. ఆ గోలలోనే అతను కొట్టిన వాక్యాలు టెర్మినల్లో పడేవి. అక్కడ ఎంటర్ నొక్కితే అవి ఆదేశాలుగా నడుస్తాయి! మనమైతే మౌస్‌తో నొక్కి వెనక్కి వచ్చేస్తాం. అతనికి తానెక్కడున్నాడో వెతుక్కోవడమే ఓ పని.

మా అమ్మాయి ముందు అతితెలివికి పోయింది. టెర్మినల్ తెరిచిన వెంటనే ఫోకస్‌ను మళ్లీ ఎడిటర్‌కి తెచ్చే ఆదేశం రాసింది. వెళ్లి వచ్చే ఆ లిప్తపాటులో కొట్టిన అక్షరాలు మాత్రం టెర్మినల్ పాలే. అసలు మందు చాలా చిన్నది. టెర్మినల్‌ను తెరిచే 'షో' ఆదేశానికి బ్రాకెట్లలో 'ట్రూ' అని ఒక్క మాట జోడిస్తే చాలు. టెర్మినల్ కనిపిస్తుంది, ఫోకస్ మాత్రం లాక్కోదు. ఫైలును పక్కన తెరవాలంటే 'ప్రిజర్వ్‌ఫోకస్' అనే ఆప్షన్ ఉంది. చూపించడం వేరు, అక్కడికి తీసుకెళ్లడం వేరు అన్న ఈ తేడా పాత ఈమ్యాక్స్ ఎడిటర్లోనూ ఉంది. రెంటికీ అందులో వేర్వేరు ఆదేశాలున్నాయి.

దీనికి తిరకాసు చిక్కు ఇంకోటి. ఎక్స్‌టెన్షన్ ఏదో కోడ్ అడుగుతూ చిన్న పెట్టె చూపిస్తుంది. దాన్ని కాపీ చేద్దామని మీరు బ్రౌజర్‌కి వెళ్లొచ్చేసరికి పెట్టె మాయం! ఫోకస్ పోగానే మూసుకుపోవడం దాని సహజ గుణం. 'ఇగ్నోర్‌ఫోకస్‌అవుట్'ని ట్రూ చేస్తే కదలకుండా ఉంటుంది. ఇదీ మా అమ్మాయి చేసేసింది.

ఆ అబ్బాయి మళ్లీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాడు. కొత్త కోరికా ఒకటి చెప్పాడు: పరీక్ష తప్పితే చిన్న శబ్దం రావాలి, టెర్మినల్‌కి తానే వెళ్లడానికి ఓ కీ కావాలి. అమ్మాయి రాత్రి ఒంటిగంటకీ ఆ పనిమీదే ఉంది. వాళ్లమ్మ కేకలేస్తోంది.