ఎలక్ట్రీషియన్‌గా సొంత పని మొదలుపెట్టారా? పర్మిట్, ఉద్యమ్, ఈ-శ్రమ్, జీఎస్టీ.. ఏది ముందు?

ఐటీఐ అయిపోయింది. ఓ కాంట్రాక్టరు దగ్గర నాలుగైదేళ్లు పని చేశారు. ఇప్పుడు సొంతంగా దిగుదామనుకుంటున్నారు. టూల్ కిట్, బైకు, నలుగురి దగ్గర మీ ఫోన్ నంబరు ఉంటే పని అయితే దొరుకుతుంది. కానీ ఫోన్ తెరిస్తే సలహాల మీద సలహాలు. ఒకరు ఉద్యమ్ చేయించుకోమంటారు. ఇంకొకరు ఈ-శ్రమ్ కార్డు తీసుకోమంటారు. మరొకరు జీఎస్టీ లేకపోతే పెద్ద పనులే రావంటారు. ఇంతకీ ఏది తప్పనిసరి? ఏది మనకు లాభం? ఏది ఇప్పుడే అక్కర్లేదు?

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇవన్నీ ఒకదానికి బదులు ఇంకొకటి కావు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. మీకు పని వచ్చా అని అడిగేది పర్మిట్. మీది వ్యాపారమా అని అడిగేది ఉద్యమ్. మీరు కార్మికుడా అని అడిగేది ఈ-శ్రమ్. పన్ను కట్టే స్థాయికి వచ్చారా అని అడిగేది జీఎస్టీ. చిక్కేమిటంటే, ప్రచారం అంతా చివరి మూడింటి మీదే. అసలైన మొదటి దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

చట్టం ఏమంటోంది?

విద్యుత్ చట్టం 2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు తెచ్చింది. 2010లో వచ్చిన వాటి స్థానంలో 2023లో కొత్తవి అమల్లోకి వచ్చాయి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి పాతవి తీసి కొత్తవి బిగించడానికి మినహాయింపు ఉంది. అది దాటి కొత్త వైరింగ్ వేసినా, ఉన్న వైరింగ్ మార్చినా, లోడు పెంచినా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే ఆ పని తీసుకోవాలి. కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. చేతితో పని చేసే మనిషికి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. ఇవన్నీ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వాల లైసెన్సింగ్ వ్యవస్థే.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఐటీఐ సర్టిఫికెట్ అంటే పర్మిట్ కాదు. కేంద్రం ఇచ్చే నైపుణ్య సర్టిఫికెట్ కూడా పర్మిట్ కాదు. అవి పర్మిట్‌కు దారి చూపిస్తాయంతే. పర్మిట్ చేతికొచ్చినా మీ పేరు మీద ఇంటి వైరింగ్ కాంట్రాక్టు తీసుకోవడానికి అది సరిపోదు. దానికి కాంట్రాక్టరు లైసెన్సు వేరే ఉండాలి. లేదంటే లైసెన్సు ఉన్నవారితో కలిసి పని చేయాలి. కొత్త కనెక్షన్‌కు ఇచ్చే వైరింగ్ టెస్ట్ రిపోర్టు మీద సంతకం అవసరమైనప్పుడు ఈ తేడా బయటపడుతుంది. పని చేసేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు అనే పద్ధతి ఈ రంగంలో కొత్తేమీ కాదు. కానీ ప్రమాదం జరిగిన రోజున ఆ సంతకం మిమ్మల్ని కాపాడదు.

ఇది మాటవరసకు చెప్పేది కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో విద్యుదాఘాతంతో చనిపోయినవాళ్లు 12 వేలకు పైనే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని తేలితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. మీరు ఎర్తింగ్ సరిగ్గానే ఇచ్చి ఉండొచ్చు. కానీ పర్మిట్ లేని చెయ్యి అంటే అనుమానం ముందు మీ మీదకే వస్తుంది.

ఉద్యమ్: ఉచితం, కానీ సమయం ముఖ్యం

2020 జూలై 1 నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు. పత్రాలు అప్‌లోడ్ చేయాల్సిన పని లేదు. ఒక్క రూపాయి ఫీజు కూడా లేదు. ప్రభుత్వ సైటులాగే కనిపించే ప్రైవేటు సైట్లు వెయ్యి, రెండు వేలు అడుగుతుంటే అది దండగ ఖర్చే. పాన్, జీఎస్టీ లేని చిన్నవాళ్ల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ ప్లాట్‌ఫామ్ కూడా వచ్చింది.

బ్యాంకు లోను సంగతి అందరికీ తెలిసిందే. అంతగా తెలియని లాభం ఇంకోటుంది. ఎంఎస్ఎంఈ చట్టం 2006 ప్రకారం మీ బిల్లును కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. బిల్డరు ఆరు నెలలు తిప్పించుకునే మన దగ్గర ఇది చిన్న ఆయుధం కాదు. కానీ ఒక మెలిక ఉంది. పని పూర్తయ్యాక, గొడవ వచ్చాక రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బకాయికి అది పనికొస్తుందా అన్న దానిపై కోర్టుల్లో పెద్ద వాదనే నడిచింది. కాబట్టి పని ఒప్పుకోక ముందే చేయించుకోవడం మంచిది. ఫారంలో సేవల విభాగాన్ని ఎంచుకోవాలి. ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంగా, అంటే వ్యాపార విభాగంలో నమోదైతే ఈ 45 రోజుల రక్షణ దక్కదు.

ఈ-శ్రమ్, కార్మిక బోర్డు: రెండూ వేరు

2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో ఇప్పటికే 30 కోట్ల మందికి పైగా చేరారు. 16 నుంచి 59 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులు చేరొచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు కుదరదు. అయితే కార్డు ఉంటే చాలు, ప్రమాదం జరిగితే రెండు లక్షలు వస్తాయి అనుకుని కూర్చోవద్దు. ప్రమాద బీమా కావాలంటే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. కరెంటుతో పని చేసే మనిషికి ఇది టెస్టర్ లాంటిది, జేబులో ఉండి తీరాలి.

అపార్ట్‌మెంట్లలో, కొత్త ఇళ్లలో వైరింగ్ చేసేవాళ్లకు ఇంకో దారి ఉంది. అది భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు. వయసు 18-60 మధ్య ఉండి, గత ఏడాదిలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే అర్హత వస్తుంది. తాపీమేస్త్రీలకే అనుకుంటారు గానీ ఎలక్ట్రీషియన్లకూ ఇది వర్తిస్తుంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలు చేసేది ఈ సంక్షేమం కోసమే. అదే మీది ఎక్కువగా రిపేర్ల పనైతే ఆ 90 రోజులు చూపించడం కష్టం. అప్పుడు ఈ-శ్రమ్‌తో సరిపెట్టుకోవాలి.

పీఎం విశ్వకర్మ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగి, తాపీమేస్త్రి, దర్జీ ఉన్నారు. ఎలక్ట్రీషియన్ లేడు. దళారికి డబ్బిచ్చి మోసపోవద్దు.

జీఎస్టీ: తొందరేం లేదు

సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే జీఎస్టీ తప్పనిసరి. అంటే నెలకు సుమారు 1.66 లక్షలు. కూలి ఒక్కటే లెక్కేసుకుంటే కొత్తవాళ్లు అంత తేలిగ్గా దాటరు. కానీ వైరు, బోర్డులు, ఎంసీబీలు మీరే కొని మీ బిల్లులో కలిపితే అదంతా మీ టర్నోవరే. సామాను ఇంటి యజమానే నేరుగా కొంటే మీ లెక్కలోకి రాదు.

ముందే జీఎస్టీ తీసుకుంటే వ్యాపారం లేని నెలల్లోనూ రిటర్నులు వేయాలి. ఇంటి యజమానికి మీరు వేసే 18 శాతం తిరిగి రాదు. కాబట్టి పక్క ఎలక్ట్రీషియన్ కంటే మీ రేటే ఎక్కువ కనిపిస్తుంది. కంపెనీలు, పెద్ద బిల్డర్లు అడిగితేనే ఆ లెక్క మారుతుంది.

అసలు లోటు ఎక్కడుంది?

ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 నుంచి ఇళ్లలోని వైరింగ్ పనులు భవన నిబంధనల పరిధిలోకి వచ్చాయి. అక్కడ ఎన్ఐసీఈఐసీ, నాపిట్ లాంటి సంస్థల్లో నమోదైన ఎలక్ట్రీషియన్ తన పనికి తానే సర్టిఫికెట్ ఇవ్వగలడు. ఆ సంస్థలు అతని పనిని తనిఖీ చేస్తుంటాయి. నమోదు అంటేనే నైపుణ్యానికి పరీక్ష.

మన దగ్గర తలకిందులుగా ఉంది. ఉద్యమ్, ఈ-శ్రమ్ నిమిషాల్లో ఫోన్లో అయిపోతాయి. అవి మనల్ని లెక్కపెడతాయి, మన పనిని పరీక్షించవు. పనిని పరీక్షించే పర్మిట్ గురించి ఇంటి యజమాని అడగడు, బిల్డరు అడగడు. అడగనప్పుడు తీసుకునేవాడు ఎందుకు తీసుకుంటాడు? ఇప్పుడు పీఎం సూర్యఘర్ కింద కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మిద్దె మీద డీసీ కరెంటు, ఇన్వర్టర్, నెట్ మీటరు.. ఈ పనులు అరకొర తెలిసిన చేతుల్లో పడితే నష్టం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి వరుస ఇది. మొదట పర్మిట్‌కు దరఖాస్తు. అది వచ్చేదాకా లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే వైరింగ్ పనులు. అదే వారం ఉచితంగా ఉద్యమ్, 20 రూపాయల బీమా. చేసే పనిని బట్టి కార్మిక బోర్డు లేదా ఈ-శ్రమ్. అనుభవం కుదిరాక కాంట్రాక్టరు లైసెన్సు. జీఎస్టీ అన్నిటికంటే చివర.

ఇంటి యజమానులకూ ఒక మాట. ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు రేటు ఎంత అని అడిగే ముందు పర్మిట్ నంబరు ఎంత అని అడగండి. పదిమంది అడగడం మొదలుపెడితే పర్మిట్ తీసుకునేవాళ్లు వాళ్లే పెరుగుతారు.