పాల ప్యాకెట్ మూల

తెల్లారగానే తెలుగునాట లక్షల వంటిళ్లలో జరిగే పని ఒకటుంది. కత్తెరతోనో పంటితోనో పాల ప్యాకెట్ మూల తెంచుతారు. పాలు గిన్నెలోకి, ప్యాకెట్ చెత్తబుట్టలోకి, గోరంత మూల ముక్క సింకులోకి వెళ్తాయి. ఇంటి చెత్త గతి ఆ క్షణంలోనే తేలిపోతుంది.

ఆ ప్యాకెట్ మంచి రకం ప్లాస్టిక్. కడిగి ఆరబెట్టి పోగేస్తే పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటారు. దాన్ని కరిగించి గుళికలు చేసి నల్ల పైపులు, చెత్త సంచులు తయారుచేస్తారు. అదే ప్యాకెట్‌ను కడక్కుండా నిన్నటి పప్పులో, ఉల్లిపొట్టులో పడేస్తే సాయంత్రానికి కంపు కొడుతుంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. తెగిన మూల ముక్క సంగతి సరేసరి, అది ఎవరి చేతికీ దొరక్కుండా కాలవ దారి పడుతుంది. మూల పూర్తిగా ఊడిపోకుండా కత్తిరించి, ప్యాకెట్‌ను ఒక్కసారి తొలిచి బట్టల తీగకు తగిలించడానికి నిమిషం చాలు. తొలిచిన నీళ్లు తులసికోటలో పోయొచ్చు.

తడి, పొడి, ప్రమాదకరం అంటూ చెత్తను మూడుగా విడదీసి ఇవ్వడాన్ని 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు ప్రతి ఇంటి బాధ్యతగా చేశాయి. హైదరాబాద్‌లో అంతకుముందే, 2015లో, ఇంటికి రెండేసి బుట్టలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. చాలా ఇళ్లలో ఆ బుట్టలు నీళ్లకో బియ్యానికో వాడుకలోకి వచ్చాయి. చెత్త మాత్రం ఒకే కవర్లో ముడి పడి నగర శివారు జవహర్‌నగర్‌లోని చెత్త డంపు దారి పట్టింది. కుప్ప అడుగున గాలాడక కుళ్లే కూరగాయల తొక్కల నుంచి మీథేన్ పుడుతుంది, ఊట నీరు నేలలోకి దిగుతుంది. 2020లో అక్కడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. దానికీ తడే శత్రువు, నీళ్లోడే చెత్త సరిగా మండదు. ఆ కుప్ప వాసన, ఆ ఊట నీరు జవహర్‌నగర్ జనం అనుభవిస్తున్నారు. తెచ్చి పోసిన నగరానికి అది కనిపించదు.

ఇది మనవల్ల కాదనేవారు సూర్యాపేటను గుర్తుచేసుకోవాలి. అప్పటికి దాదాపు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణంలో 2003 ప్రాంతంలో మున్సిపల్ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధి చెత్తకుండీలే ఎత్తేయించారు. ట్రాక్టరు ఇంటి ముందుకే వచ్చేది. తడి, పొడి వేరువేరుగా తీసుకునేది. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడుపోయింది. బయటి నిధులేవీ రాలేదు. దేశంలోని ఇతర ఊళ్ల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఆ పద్ధతి నడిచింది గడప దగ్గర విడదీసిన చెత్త చివరిదాకా కలవకుండా వెళ్లినందువల్లే. నేటి పట్టణాల్లో తప్పు రెండు వైపులా ఉంది. శ్రద్ధగా రెండు బుట్టలు పట్టుకొచ్చిన ఇల్లాలి కళ్లెదుటే చెత్త ఆటోలో రెండూ ఒకే చోట గుమ్మరిస్తే మర్నాడు ఆమె విడదీయదు. విడదీయాలని కూడా అనిపించదు. బండిలో అడ్డుగోడ పెట్టలేని పురపాలక సంఘానికి జనాన్ని తప్పుపట్టే అర్హత లేదు.

అయినా ఇంటివాళ్లు ఆగకూడని కారణం ఒకటుంది. ఆ ఆటోలో కూర్చుని చెత్తను చేతులతో వేరుచేసేది ఒక మనిషి. పగిలిన గాజు, ఇన్సులిన్ సూది, వాడిన ప్యాడ్, ఏది తగిలినా ఆ చేతులకే. సూదిని గట్టి డబ్బాలో పెట్టి, మిగతావి పాత పేపర్లో చుట్టి, పైన గుర్తు పెట్టి విడిగా ఇవ్వడం కనీస మర్యాద.

తడి చెత్తకు పెరట్లోనో బాల్కనీలోనో చిల్లులు పెట్టిన పాత బకెట్ చాలు. ఒక వరస తొక్కలు, ఒక వరస ఎండుటాకులు వేసి పైన కాస్త పుల్లమజ్జిగ చల్లితే రెండు నెలల్లో ఎరువు దిగుతుంది. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఎండుటాకులు వేయాలి.

అసలు చెత్త పుట్టకుండా చూడటం ఇంకా మేలు. పెళ్లిళ్లలో రెండు గుక్కలు తాగి వదిలేసే చిన్న నీళ్ల బాటిళ్లు, ప్లాస్టిక్ పూత పూసిన ప్లేట్లు ఒక్క పూటలో వీధి చివర గుట్టవుతాయి. వీటికి బదులుగా సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టారు. శుభకార్యానికి పళ్లేలు, గ్లాసులు అక్కడ తీసుకుంటారు. విందు అయ్యాక తోమి, లెక్కపెట్టి అప్పగిస్తారు. మరో ఇంట్లో బారసాలకు అవే గ్లాసులు వెళ్తాయి.